భూమి గలవాని పేర్లు

మన పల్లెలలో భూమి గలవానికి ఉన్నన్ని పేర్లు మరి యెవ్వరికిని లేవు. జమీందారు, జాగీరుదారు, ఇనాముదారు, మొఖాసాదారు, శ్రోత్రియందారు, మక్తాదారు, ఇజారాదారు, ముఠాదారు, పట్టాదారు, దేశముఖు, దేశపాండ్యా, కామందు, ఆసామి, మోతుబరి, దొర, భూస్వామి. జాబితా ఇంతటితో పూర్తికాదు. వీనిలో కొన్ని దస్త్రములకు ఎక్కినవి, కొన్ని రచ్చబండకే పరిమితమైనవి. చట్టములు కొట్టివేసిన తరువాత కూడ కొన్ని ఊళ్ళ పేర్లలో నిలిచియున్నవి. మొఖాసా, ఖండ్రిక, అగ్రహారము అను మాటలు చేరిన గ్రామనామములు నేటికిని ఎన్నియో కలవు. ఆ గ్రామములలో నివసించువారిలో ఎందరికి వాని అర్థము తెలియునో చెప్పజాలము.

ఇవన్నియు ఒకే అర్థము గల పర్యాయపదములని తలచుట పొరపాటు. కొంచెము తరచి చూచినచో ఒక విశేషము కనబడును. ఈ పేర్లలో అధిక భాగము మొదట 'సొంతదారు' అను అర్థమున పుట్టినవి కావు. ఒక పనిని, ఒక వంతును, లేదా ఒక షరతును తెలుపుటకు పుట్టినవి.

'దారు' అనునది ఫారసీ ప్రత్యయము. పట్టుకొనియున్నవాడు, వహించువాడు అని దాని అర్థము. తహశీలుదారు తహశీలునకు యజమాని కాడు. ఠాణేదారు ఠాణాను అమ్ముకొనజాలడు. వారు ఒక అధికారమును వహించినవారు మాత్రమే. మొగలాయీ పాలనలో జమీందారును ఇంచుమించు ఆ తెగకు చెందినవాడే. రైతులవద్ద శిస్తు వసూలు చేసి, తన వంతు తాను ఉంచుకొని, మిగిలినది సర్కారుకు చెల్లించుట అతని పని. వంశపారంపర్యముగా వచ్చుటచేత అతనికి గౌరవమును బలమును ఉండెను. కోటయు సైన్యమును ఉన్నచోట చిన్న రాజువలెనే వ్యవహరించెను. అయినను భూమికి స్వామి అని మాత్రము ఆ మాట చెప్పలేదు. జాగీరన్నను అంతే: ఆ ఫారసీ మాటకు చోటును పట్టియుండుట అని అర్థము, జీతమునకు బదులు ఒక ప్రాంతపు రాబడిని అనుభవించు హక్కు. మన్సబు ఒక హోదా. దేశముఖు పరగణాకు ముఖముగా నిలిచి లెక్క చెప్పవలసినవాడు. ఇజారా కొంతకాలమునకు పుచ్చుకొనిన గుత్త. మక్తా కోసి నిర్ణయించిన మొత్తము. శ్రోత్రియమనునది వేదాధ్యయన పరుడైన బ్రాహ్మణునకు స్వల్పమైన కట్టుబడిపై ఇచ్చిన భూమి. చదువు పోయి భూమి మిగిలిన తరువాత, అది క్రయవిక్రయములలో చేతులు మారిన తరువాత, వేదముతో ఏ సంబంధమును లేనివారు కూడ శ్రోత్రియందారులైరి.

ముసల్మాను ప్రభువులు రాకముందు మాటలును ఇట్టివే. కాకతీయుల కాలమునను, విజయనగర కాలమునను వినబడు నాయంకరము సైనికసేవ షరతుపై పొందిన భూమి. ఆలయమునకిచ్చిన మాన్యము ఆ ఆలయపు దీపధూపములకు. వీనన్నిటిలోను నా దృష్టిలో మిక్కిలి విలువైన మాట దశవందము. పిమ్మట దశబంధమని వాడుకలోనికి వచ్చినది ఇదియే. చెరువు త్రవ్వించిన వానికి, లేదా దాని కట్టను కాచి మరమ్మతు చేయు బాధ్యత వహించిన వానికి, ఆ చెరువు క్రింది భూమిలో గాని రాబడిలో గాని కొంతవంతు మాన్యముగా ఇచ్చెడివారు. పదియవవంతు అను భావము ఆ పేరులోనే ఉన్నది. కడప, కర్నూలు, అనంతపురము, నెల్లూరు ప్రాంతములలో ఈ మాన్యములు విస్తారముగ నుండెను. వానకు వాననే నమ్ముకొనిన ఆ సీమలో చెరువు కట్ట తెగినచో ఊరు నిలువదు. 1369వ సంవత్సరమున పోరుమామిళ్ళలో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు చెరువు కట్టించినప్పుడు, వేయిమంది కూలీలు రెండేండ్లు పనిచేసిరని అచ్చటి శాసనము చెప్పుచున్నది. అంత శ్రమతో కట్టిన దానిని కాపాడుటకు ఒకనిని బాధ్యుని చేయవలెను; అతనికి తిండి కల్పింపవలెను. దశబంధమను ఒక్క మాటలో ఆ బాధ్యతయు, ఆ ప్రతిఫలమును ఇమిడియున్నవి. మరమ్మతు చేయనివాని నుండి మాన్యమును తిరిగి తీసికొనుటకు వీలుండెను. అనగా అశ్రద్ధకు శిక్ష ఆ హక్కులోనే అమర్చబడి యుండెను.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వచ్చినతోడనే ఈ మాటలు మారలేదు. వానిలోని సారము మారినది. బెంగాలులో 1793లో కారన్‌వాలిసు చేసిన శాశ్వత ఏర్పాటును చెన్నపట్టణపు ప్రభుత్వము 1802వ సంవత్సరపు 25వ రెగ్యులేషను ద్వారా ఉత్తర సర్కారులలో ప్రవేశపెట్టెను. అప్పుడు జమీందారులకిచ్చిన సన్నదునకు 'మిల్కియత్ ఇస్తిమ్రార్' అని పేరు. శాశ్వత స్వామ్యమని దాని యర్థము. ఏటేట చెల్లింపవలసిన పేష్కషు ఎన్నటికిని మారకుండ నిర్ణయింపబడినది. అది చెల్లించినంతకాలము జమీందారు భూమికి స్వామి. చెల్లింపనిచో ఎస్టేటు వేలమునకు వచ్చును. వహించువాడు ఒక్క కాగితముతో సొంతదారుడైనాడు. రైతు హక్కులను తగ్గించుట ఆ రెగ్యులేషను ఉద్దేశము కాదని 1822లో 4వ రెగ్యులేషను చేసి వివరింపవలసి వచ్చెను. అంతటితోనే ఇరువదియేండ్లలో ఏమి జరిగినదో ఊహించుకొనవచ్చును.

పట్టణముల సమీపమున సర్కారువారి ప్రత్యక్ష పాలనలో నుండిన హవేలీ భూములను సైతము ముక్కలు చేసి వేలము వేసిరి. పాడినవారిలో వ్యాపారులును, దొరలకొలువు చేసి ధనము గడించినవారును ఉండిరి. ఊరు చూడకయే ఊరికి స్వామి యగుట అప్పటినుండి సులభమైనది.

తరువాతి కథ తీరాంధ్రలోని వారికి కొంత తెలిసినదే. గుంటూరు సీమలో వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు 1816లో గతించెను. అమరావతిని తన రాజధానిగా చేసికొనిన ప్రభువు ఆయన. ఆయన దత్తపుత్రుల నడుమ వారసత్వపు వ్యాజ్యము సాగి సాగి, ఇద్దరిలో ఎవరి దత్తత చెల్లునను ప్రశ్నపై లండనులోని ప్రివీ కౌన్సిలు 1846లో తీర్పు చెప్పునప్పటికి ముప్పదియేండ్లు గడచెను. ఆ ముప్పదియేండ్ల నడుమనే 1832–33లో గుంటూరు కరవు వచ్చినది. జిల్లా జనములో మూడవవంతు నశించిరని నాటి అంచనాలు. వాన కురియకపోవుట ఎవరి తప్పును కాదు. కాని దివాణములు అప్పులలోను కోర్టులలోను మునిగియుండగా చెరువులను, ధాన్యపు నిల్వలను చూచువారెవరు? ఆ దశాబ్దము తరువాత ఆ జిల్లాలోని జమీందారీలు ఒక్కటొక్కటిగా సర్కారు చేతికి చిక్కెను.

గోదావరి ఒడ్డున కరవుతోబాటు చేనేతకు తగిలిన దెబ్బయు తోడైనది. రాజమహేంద్రవరము జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి 5 లక్షల 61 వేలు. పెరుగవలసిన లెక్క ఇరువదియేండ్లలో నాలుగవవంతు తరిగినది. ఆ జిల్లా దుస్థితిని విచారించుటకు పంపబడిన హెన్రీ మాంట్‌గోమరీ 1844లో నివేదిక సమర్పించెను. 1847లో ఆర్థరు కాటను ఆనకట్ట పని ఆరంభమై 1852లో ముగిసినది. నదిలో నీరు ఎప్పుడును ఉన్నదే. ఆ నీటిని మళ్ళించు బాధ్యత తనదని ఎవ్వరును తలంపకుండుటయే అంతవరకు లోపము.

విజయనగరము సంగతి వేరొక తీరు. అచ్చటి నారాయణ గజపతి 1827లో సంస్థానమును కలెక్టరు నిర్వహణకు అప్పగించి కాశికి వెడలెను. 1845లో అప్పులు మిగిల్చి అచ్చటనే కాలము చేసెను. పదునెనిమిదియేండ్లు ప్రభువు గంగ యొడ్డున, ప్రజలు చంపావతి యొడ్డున. అయితే న్యాయముగ మరియొక మాట చెప్పవలెను. ఆయన కుమారుడు విజయరామ గజపతి తిరిగివచ్చి విద్యకును ప్రజోపయోగమైన పనులకును ఉదారముగా వ్యయము చేసెను. జమీందారులందరును ఒక్క మూసలోనివారు కారు. శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు పిఠాపురము ప్రభువుల పోషణలో వెలసినది. తెలుగుమాటల పుట్టుపూర్వోత్తరములు విచారించువారు ఆ ఋణము మరువరాదు.

ఇక మాటల వద్దకు మరలుదము. బ్రౌను దొర తెలుగులో కలిసిన అన్యదేశ్యములకు, కచేరీ మాటలకు ప్రత్యేకముగా ఒక నిఘంటువు కూర్చి 1854లో ప్రకటించెను. మరుసటి సంవత్సరమే విల్సను పండితుడు దేశమునందలి రెవెన్యూ పదములన్నిటిని ఒక పెద్ద కోశముగా వెలువరించెను. అట్టి కోశములు తిరుగవేయునపుడు ఒక సంగతి మనసునకు తట్టును. రైతు తప్పులకు ఎన్ని పేర్లో! శిస్తు చెల్లింపలేనివాడు నాదారు. 'దారు' అనుదానికి సరిగా వ్యతిరేకముగ, చేత ఏమియు లేనివాడు. ఊరు విడిచి పోయినవాడు ఫరారీ. పొరుగూరినుండి వచ్చి స్థిరహక్కు లేక దున్నువాడు పాయకారి. బాకీ పడినవాడు బాకీదారు. రైతు లేచిపోగా శూన్యమైన గ్రామమునకు బేచిరాగు అని దస్త్రములలో వ్రాసిరి. చిరాగనగా దీపము, దీపము లేని ఊరు. తెలంగాణపు రెవెన్యూ లెక్కలలో ఈ మాట చిరకాలము నిలిచినది. దానికన్న విషాదకరమైన కచేరీ మాట నేనెరుగను.

సర్కారుకు బకాయిపడిన జమీందారునకు కూడ పేరు కలదు. జప్తు, వేలము అను శిక్షయు కలదు. కాని పేష్కషు వేళకు చెల్లించుచు, చెరువు పూడిపోవుచున్నను చూడనివాడు, కాలువ తీయింపనివాడు, ఊరి ముఖమెరుగక అమీనుల చేత వసూలు చేయించువాడు ఉన్నాడే, వానికి ఆ దస్త్రముల భాషలో పేరు స్థిరపడలేదు. లెక్కలు వ్రాయించినది సర్కారు. సర్కారుకు నష్టము కలిగించు తప్పులకే నామకరణము జరిగినది. రైతునకు నష్టము కలిగించు అశ్రద్ధకు పేరు పెట్టవలసిన అవసరము ఆ గుమాస్తాకు కలుగలేదు.

ఇదే ఇంగ్లీషు ప్రభుత్వము క్రింద నలిగిన ఐర్లండు దేశమున వేరుగా జరిగినది. అచ్చటి భూస్వాములనేకులు లండనులో కాపురముండి ఐర్లండు కౌళ్ళను తినెడివారు. 1729లో టామసు ప్రయరు అను నాతడు అట్టివారి పేర్లను, దేశమునుండి ఒక్కొక్కరు తరలించుకొనిపోవు మొత్తములను డబ్లినులో పట్టికగా అచ్చువేసెను. 'ఆబ్సెంటీ' అను నింద ఆ దేశపు రాజకీయములలో గట్టిగా నాటుకొనినది. ఐర్లండు రైతుల పోరాటమునుండియే మనకు మరియొక మాట వచ్చినది. 1880లో మేయో కౌంటీలో ఎర్న్ ప్రభువునకు ఏజెంటుగా నుండిన కెప్టెను బాయ్‌కాట్‌తో ఊరివారు మాటలాడుట మానిరి. కూలికి పోలేదు, సరకులమ్మలేదు. అతని ఇంటిపేరు బహిష్కరణమునకు పేరై, 1905 నాటి స్వదేశీ ఉద్యమముతో మన దేశమందెల్లెడల వ్యాపించినది. విచిత్రమేమనగా, వేరొక కౌంటీలోని తన కోటలో కూర్చుండిన ప్రభువును లోకము మరచినది. ఎండలో నిలిచి వసూలు చేసిన ఏజెంటు పేరు చిరస్థాయి అయినది.

మన దేశమున ఆ కోపము మాటగా కాక తిరుగుబాటుగా వెలువడిన సందర్భములు కలవు. గోదావరి మన్యములో రంప మన్సబుదారు కొండల ముఠాదారులపై వసూళ్ళు పెంచెను. తాటి, జీలుగు కల్లుపై చిగురుపన్ను విధించి దానిని గుత్తలకిచ్చెను. 1879లో రంప భగ్గుమనెను. తిరుగుబాటు అణగిన పిమ్మట ప్రభుత్వము మన్సబుదారును తొలగించి ముఠాదారులతో నేరుగా ఒప్పందము చేసికొనెను. ఒక పేరు రద్దయినది. దాని క్రింది పేరు నిలిచినది.

నిజాము రాజ్యమున మార్పు మరియొక త్రోవ పట్టినది. మొదటి సాలారుజంగు 1865లో జిల్లాబందీ చేసి, శిస్తు వసూలును ప్రభుత్వోద్యోగులకు అప్పగించెను. దేశముఖులకు, దేశపాండ్యాలకు పని పోయినది. దానికి బదులు రుసుములు ఏర్పడినవి. పనిలేని హోదా మిక్కిలి ప్రమాదకరమైనది. లెక్కల పుస్తకములు ఏండ్ల తరబడి వారి చేతిలోనే యుండుటచేత మంచి భూములు పట్టాలుగా వారి పేర జేరినవి. రాజ్యములో ఇంచుమించు మూడవవంతు భూమి జాగీరుల క్రిందనుండెను. పాడుపడిన గ్రామములను తిరిగి నిలబెట్టు షరతుపై పుచ్చుకొనిన ఇజారాలు సైతము కాలక్రమమున సొంతభూములవలె చెల్లినవి. ఈ సమస్తమునకు జనులు వాడిన మాట ఒక్కటే: దొర. అతని నివాసము గడి. అతనికి చేయు పని వెట్టి. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలియైన దినమున దేశముఖు అను మాటకు పాత అర్థమేదియు మిగులలేదు.

దస్త్రములను విడిచి జనుల నోటిమాటలను చూచినచో వేరొక చరిత్ర కనబడును. కామందు అనునది ఖావందు అను ఫారసీ మాటకు తెలుగు రూపము, ప్రభువని అర్థము. కూలివాని నోట అది భయమును భక్తియు కలిసిన పిలుపు. మోతుబరి అరబ్బీలో నమ్మదగినవాడు. డబ్బున్నవాని మాట చెల్లునను లోకరీతి ఆ అర్థమును కలిమివైపు నెట్టినది. ఆసామి కథ మరింత వింత. అరబ్బీలో 'పేర్లు' అను అర్థము గల మాట అది. శిస్తు జాబితాలో పేరెక్కిన సామాన్య సేద్యగానిని ఉత్తరదేశమున నేటికిని ఆసామి యందురు. మన తెలుగునేలపై ఆ మాట పైకెక్కి, పదెకరములు గల పెద్దమనిషియైనది. రైతు అను మాటయు అట్లే ఎదిగినది. రయ్యతు అనగా కాపరి చూచు మంద, ఏలుబడిలోని ప్రజ. మందలోనివాడని అర్థమిచ్చిన మాటను మన సేద్యగాడు గౌరవచిహ్నముగా చేసికొనెను. పేరులో ప్రభువులు పతనమగుచుండగా రైతు మాత్రము పైకి వచ్చుట నాకు సంతోషము కలిగించు విషయము.

అశ్రద్ధకు పేరు ఇరువదవ శతాబ్దములో గాని దొరకలేదు. 1908 నాటి మదరాసు ఎస్టేట్ల భూమి చట్టము రైతునకు సేద్యపు భూమిపై స్థిరమైన హక్కు నిచ్చి, ఎస్టేటు చెరువుల మరమ్మతుకై రైతులు కలెక్టరుకు మొరపెట్టుకొనుటకు వీలు కల్పించెను. చట్టము అంతదూరము పోవలసివచ్చుటయే లోపమునకు సాక్ష్యము. 1937–38లో రైతు కార్యకర్తలు ఇచ్ఛాపురమునుండి మదరాసువరకు కాలినడకన సాగిరి. ఆ సంవత్సరములలోనే టంగుటూరి ప్రకాశముగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము జమీందారీ గ్రామముల పరిస్థితిని విచారించి, భూమికి నిజమైన స్వామి రైతే యనియు, జమీందారు శిస్తు వసూలు చేయువాడు మాత్రమే యనియు తేల్చిచెప్పెను. అనగా 1802కు పూర్వపు అర్థమును ఆ మాటకు మరల కట్టబెట్టెను. ఆ చర్చలలోనే, ఆ పత్రికలలోనే పరోక్ష భూస్వామి, గైరుహాజరు భూస్వామి అను సమాసములు వ్యాపించినవి. అవి పండితుల కల్పనలు. ఇప్పటికిని పల్లె నోట సరిగా పలుకవు. 1948లో మదరాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టము చేసెను. 1949 ఆగస్టు 15న హైదరాబాదులో జాగీర్ల రద్దు ఉత్తరువు వచ్చినది. తరువాత ఇనాములకును కాలము మూడినది.

పేర్లు పోయినవి. మిగిలినవి రెండు: పట్టాదారు, కౌలుదారు. పట్టాదారు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉండవచ్చును. అందులో తప్పేమియు లేదు. బిడ్డల చదువులకై, ఉద్యోగములకై ఊరు విడిచినవారు మనలో కోకొల్లలు. వారి పొలమును మరియొకడు దున్నును. పొలముగట్టు తెగినను, బోరు ఎండినను, పంట వరదపాలైనను ముందుగా తెలియునది వానికి. దస్త్రములో పేరున్నది మొదటివానికి. కౌలు అను మాట అరబ్బీ 'ఖౌలు'. మాట, వాగ్దానము అని దాని అర్థము. పూర్వము సర్కారు రైతునకిచ్చిన అభయపత్రమునకే కౌలని పేరు. నేడు పల్లెలలో కౌలు చాలవరకు నోటిమాటగానే జరుగుచున్నది. కాగితము వ్రాసినచో భూమి చేజారునేమో యను శంక పట్టాదారునకు కలదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులకు భూమిపై యాజమాన్యము కల్పించుట ఆ శంకకు ఒక కారణము.

2011లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సాగుదారులకు ఋణ అర్హత పత్రములిచ్చు చట్టము చేసినది. 2018లో తెలంగాణలో ఆరంభమైన రైతుబంధు పథకము ఎకరము లెక్కన సొమ్మును పట్టాదారునకు చెల్లించినది. కౌలుకు దున్నువానిని లెక్కలోనికి తీసికొనలేదు. రైతు అను మాటకు అచ్చట చెల్లిన అర్థము పట్టాదారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టము భూమి జోలికి పోక, పంటపై మాత్రము పదునొకండు నెలల హక్కును సాగుదారునకిచ్చుటకు ఏర్పాటు చేసెను. ఆ పత్రము లభించినచో బ్యాంకు అప్పు, పంట బీమా, నష్టపరిహారము అతని పేర వచ్చును. అయితే ఆ పత్రముపై పట్టాదారు సంతకము కావలెను.